తల వంచితే ఒకటి, నిటారుగా ఉంటే రెండు

జనగామ జిల్లా నుంచి ఒక ప్రభుత్వ టీచర్ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. వయసు 38. ఇంట్లో భర్త, ఇద్దరు పిల్లలు, అత్తగారు. నాలుగు నెలల కిందట స్కూలు నుంచి వస్తుంటే కుక్క అడ్డమొచ్చి స్కూటీ మీద నుంచి పడిపోయారు. హెల్మెట్ పెట్టుకునే ఉన్నారు. మోకాలు చెక్కుకుపోయింది, కాసేపు తల దిమ్మెక్కింది, స్పృహ మాత్రం తప్పలేదు. ఆ రాత్రే సీటీ స్కాన్ తీసి అంతా నార్మల్ అన్నారు.

మూడో రోజు స్కూల్లో పై అంతస్తు నుంచి దిగబోతుంటే మెట్లు రెండు వరసలుగా కనిపించాయట. ఏ మెట్టు మీద కాలు వేయాలో తెలియక రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయారు. వెనక పిల్లలు "ఏమైంది మేడం" అంటున్నారు. ఆ తర్వాత కంచంలో అన్నం ముద్ద రెండుగా, పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఒక వరస మీదికి ఇంకో వరస ఎక్కినట్టుగా. ఏ కన్ను మూసినా సరే, ఒక్కటే కనిపిస్తుంది. తల ఎడమ భుజం వైపు వంచితే రెండూ కలిసిపోతాయి. అలా వంచీ వంచీ మెడ పట్టేసింది. ఫిజియోథెరపీ దగ్గరికి వెళ్తే మెడ నిటారుగా ఉండాలని కాలర్ పెట్టించారు. మూడు వారాలు పెట్టుకుంటే మెడ నొప్పి సగం తగ్గింది గానీ చూపు ఇంకా చెడింది.

ఊళ్లో కళ్ల డాక్టరు చూపు 6/6 ఉంది, అద్దాలు కూడా అక్కర్లేదన్నారు. వరంగల్‌లో ఇంకో డాక్టరు చాలాసేపు పరీక్ష చేసి, 'కుడి నాలుగో నరం పాల్సీ', అంటే ఆ నరం చచ్చుబడిందని రాసి, ఆరు నెలలు చూద్దామన్నారు. ఆ మాట ఫోన్‌లో వెతికితే బ్రెయిన్ ట్యూమర్ దాకా వెళ్లింది. అప్పటి నుంచి నిద్ర లేదు. భర్త "స్కాన్ బాగుంది, చూపు బాగుంది, అంతా నీ టెన్షనే" అంటున్నారు. అన్నయ్య వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తానంటున్నాడు. అత్తగారు పక్క ఊళ్లో కంట్లో పసరు పోసేవాళ్లున్నారని చెబుతున్నారు. అమ్మ మాత్రం "నువ్వు చిన్నప్పుడు కూడా మెడ అట్లనే పెట్టేదానివి బిడ్డా" అన్నదట. ఉత్తరం చివర ఆమె అడిగినవి మూడు. నేను ఊహించుకుంటున్నానా? ఆగాలా, ఆపరేషన్ చేయించుకోవాలా? స్కూటీ నడపొచ్చా?

అమ్మా,

ముందు మొదటి ప్రశ్న. మీరేమీ ఊహించుకోవడం లేదు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీ ఉత్తరం మూడో పేజీలోనే ఉంది. ఎదురుగా గోడ మీది ట్యూబ్ లైట్ రెండుగా కనిపిస్తోందని, పైది తిన్నగా, కిందిది ఏటవాలుగా ఉందని, కుడి చివర రెండూ దగ్గరికొచ్చి బాణం మొనలా ఉందని రాసి, పక్కన పెన్నుతో బొమ్మ కూడా గీశారు. కుడి కంటి నాలుగో నరం దెబ్బతింటే కనిపించేది సరిగ్గా అదే బొమ్మ. ఆ బాణం మొన ఎటు చూపిస్తే జబ్బు ఆ వైపు కంటిలో ఉన్నట్టు. మెల్లకన్ను డాక్టర్లమైన మాకు పాఠంలో నేర్పిన బొమ్మను ఏ పుస్తకమూ చూడకుండా మీరు గీసి పంపారు. టెన్షన్ పడే మనిషికి లైట్లు రెండు కనిపించొచ్చేమో గానీ, కిందిది ఇంత లెక్కగా కుడివైపుకే మొన తిరగదు.

ఇక ఆ నరం సంగతి. మీ వారు కూడా పక్కన కూర్చుని చదివితే మంచిది.

మెదడు నుంచి నేరుగా తలలోకి, ముఖంలోకి వచ్చే నరాలు 12 జతలు. వాటిలో మూడు జతలు కంటిని తిప్పడానికే ఉన్నాయి. ఒక్కో కనుగుడ్డుకు ఆరు కండరాలు ఉంటాయి. మూడో నరం ఒక్కటే వాటిలో నాలుగింటిని చూసుకుంటుంది, పై రెప్పను ఎత్తుతుంది, కంటిపాపను చిన్నది చేస్తుంది. ఆరో నరం కంటిని చెవి వైపు తిప్పే ఒక్క కండరాన్ని చూసుకుంటుంది. మధ్యలో ఉన్న నాలుగో నరానిదీ ఒక్క కండరమే. ఆ ఒక్క కండరం పని తెలిస్తే మీ నాలుగు నెలల కథంతా విడిపోతుంది.

మీ అమ్మగారింట్లో చేదబావి ఉండేదా? ఉంటే గిలక గుర్తు తెచ్చుకోండి. మనం తాడును కిందికి లాగుతాం, బకెట్ పైకి వస్తుంది. లాగే దిక్కు ఒకటి, కదిలే దిక్కు ఒకటి. మధ్యలో దిక్కు మార్చేది గిలక. మన కంటి గూట్లో కూడా అలాంటి గిలక ఒకటి ఉంది. కనుబొమ మొదలయ్యే చోట, ముక్కు పక్కన, ఎముక అంచు లోపల బొటనవేలు పెట్టి తడిమితే దాదాపు అక్కడే ఉంటుంది. చిన్న మెత్తటి ఎముక ఉంగరం. కంటి గూడు వెనక చివర నుంచి బయల్దేరిన కండరం ఈ ఉంగరంలోంచి దూరి, వెనక్కి మళ్లి, కనుగుడ్డు పై భాగానికి వెనకవైపు అతుక్కుంటుంది. అందుకే అది ముడుచుకున్నప్పుడు గుడ్డు వెనక భాగం పైకి లేచి, ముందు భాగం కిందికి దిగుతుంది. ముఖ్యంగా కన్ను ముక్కు వైపు తిరిగి ఉన్నప్పుడు కిందికి దించేది ఈ కండరమే. మెట్లు దిగేటప్పుడు, పేపర్లు దిద్దేటప్పుడు, కంచంలోకి చూసేటప్పుడు మన కళ్లు చేసేది అదే పని. 16వ శతాబ్దంలో ఇటలీ శరీర శాస్త్రవేత్త గాబ్రియేలె ఫల్లోపియో ఈ ఉంగరాన్ని వివరించి, లాటిన్‌లో గిలక అనే అర్థం వచ్చే ట్రోక్లియా అన్న పేరు పెట్టాడు. మీ చీటీలో నాలుగో నరానికి బ్రాకెట్లో రాసిన 'ట్రోక్లియర్' అక్కడి నుంచి వచ్చిందే. భయపడే మాట కాదది. గిలక నరం అంతే.

ఈ కండరానికి ఇంకో పని కూడా ఉంది. అది కన్నును మెల్లగా మెలి తిప్పుతుంది. మనం తల కుడి భుజం వైపు వంచినా లోకం పక్కకు ఒరిగినట్టు కనిపించకూడదు కదా. అందుకే కుడి కన్ను కొంచెం ముక్కు వైపుకు, ఎడమ కన్ను కొంచెం చెవి వైపుకు మెలి తిరిగి ఆ వంపును కొంతవరకు సరిచేస్తాయి. కుడి కన్నును అలా లోపలికి మెలి తిప్పాల్సింది గిలక కండరమూ, దాని పక్కనే ఉన్న ఇంకో కండరమూ కలిసి. మీ గిలక కండరం పని చేయడం లేదు కాబట్టి పక్కదే ఒంటరిగా లాగుతుంది. దాని అసలు పని కన్నును పైకెత్తడం. దాంతో కుడి కన్ను పైకి వెళ్లిపోతుంది, బొమ్మలు ఇంకా దూరమవుతాయి. తల ఎడమకు వంచితే ఈ కండరంతో అసలు పనే పడదు. రెండు కళ్లూ ఒక్క వరసలోకి వస్తాయి, బొమ్మ ఒకటవుతుంది.

చూశారా, మీ తల వంపు జబ్బు కాదమ్మా. జబ్బుకు మీ మెదడు ఎవరూ చెప్పకుండానే కనిపెట్టిన మందు అది. కాలర్ పెట్టి తల నిటారుగా నిలబెడితే ఆ మందు ఆపేసినట్టే. అందుకే మెడ నొప్పి తగ్గి, చూపు చెడింది. ఆ ఫిజియోథెరపీ వాళ్లను తప్పు పట్టను. మెడ వంకరగా పెట్టుకుని ఎవరొచ్చినా ముందు మెడనే చూస్తారు. పిల్లల్లో అయితే ఇలా కంటి వల్ల వచ్చిన మెడ వంపుకు ఏళ్ల తరబడి మెడ వ్యాయామాలు చేయించిన సందర్భాలు నేను చూశాను. మీరు మాత్రం కాలర్ పక్కన పెట్టేయండి. రాత్రి వేడి నీళ్ల కాపడం పెట్టుకోండి. పగలు గంటకోసారి ఒక కన్ను మూసి, తల నిటారుగా పెట్టి, మెడకు ఐదు నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి. కన్ను మూస్తే వంచాల్సిన అవసరం ఉండదు కదా.

'స్కాన్ నార్మల్ అయితే నరం ఎలా పోతుంది' అన్న మీ వారి సందేహం న్యాయమైనదే. కపాల నరాలన్నిటిలో సన్నటిది ఇదే. సాదా సీటీ స్కాన్‌లో కనిపించేంత లావు దానికి లేదు. పైగా దాని దారి చాలా చిత్రమైనది. మెదడు కాండం, అంటే మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం నుంచి వచ్చే మిగతావన్నీ దాని ముందు వైపు నుంచో పక్క నుంచో బయటికి వస్తే, ఇది ఒక్కటే వెనక వైపు నుంచి వస్తుంది. వస్తూనే కుడిది ఎడమకు, ఎడమది కుడికి దాటుతుంది. అంటే మీ కుడి కంటి గిలక నరం మెదడులో ఎడమ వైపు పుట్టింది. ఆ తర్వాత మెదడు కాండాన్ని చుట్టి ముందుకు రావాలి. కపాలం లోపలే దాదాపు 7.5 సెంటీమీటర్ల ప్రయాణం. ఇంత సన్న నరానికి ఇంత పొడవు దారి. ఆ దారిలో మెదడుకూ చిన్న మెదడుకూ మధ్య గట్టి పొర ఒకటి అడ్డంగా ఉంటుంది. నరం దాని అంచును ఆనుకునే నడుస్తుంది. తల ఒక్కసారిగా కుదుపుకు గురైతే మెదడు లోపల ఊగి, నరం ఆ అంచుకు ఒరుసుకుంటుంది. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది, అది పెట్టుకోబట్టే మీరు ఈ ఉత్తరం రాయగలిగారు. లోపలి ఊపును మాత్రం అది పూర్తిగా ఆపలేదు. ఎముక విరగకుండా, రక్తం గడ్డకట్టకుండా ఈ నరం మాత్రం దెబ్బతినడం కొత్తేమీ కాదు. పెద్దయ్యాక ఈ నరం జబ్బు వచ్చిన వాళ్లలో తలకు దెబ్బే తరచుగా కనిపించే కారణం.

ట్యూమర్ గురించి మీ భయం నాకు అర్థమవుతోంది. ఈ నరం ఒక్కటే దెబ్బతిని, దానికి ముందు కచ్చితంగా ఒక యాక్సిడెంట్ ఉండి, వేరే ఏ నరమూ తేడా చేయనప్పుడు, మేం ముందు అనుకునేది ట్యూమర్ కాదు. అయినా కొన్ని మార్పులు కనిపిస్తే ఆరు నెలలని ఆగకూడదు. రెప్ప వాలిపోవడం, ఒక కంటిపాప ఇంకోదాని కన్నా పెద్దదవడం, ఇంతవరకు ఎరగని తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, నడకలో తూలడం, చేయి కాలు మొద్దుబారడం, రెండుగా కనిపించేవి పైకి కిందికి కాకుండా పక్కపక్కన మొదలవడం. వీటిలో ఏది వచ్చినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఎంఆర్ఐ అప్పుడు తప్పదు. పొద్దున బాగుండి సాయంత్రానికి ఎక్కువవడం, రోజుకో తీరుగా మారడం ఉంటే కండరాల బలహీనత జబ్బు ఒకటుంది, దానికి పరీక్షలు వేరు. షుగర్, బీపీ కూడా ఒకసారి చూపించుకోండి. దెబ్బ లేకుండానే ఈ నరాన్ని ఎక్కువగా దెబ్బతీసేవి అవే, మీ వయసులో తెలియకుండా ఉండొచ్చు కూడా.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం మీ అమ్మగారిది. 'చిన్నప్పుడు కూడా అట్లనే పెట్టేదానివి.' మీరు దాన్ని తల్లి మాటగా రాసి వదిలేశారు. నేను వదల్లేను. కొందరికి ఈ గిలక కండరం పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. వాళ్లు చిన్నప్పటి నుంచి తల వంచుకుని, రెండు బొమ్మలనూ మెదడుతో బలవంతంగా కలుపుకుంటూ వస్తారు. ఆ కలిపే శక్తి వాళ్లకు మామూలు వాళ్ల కన్నా చాలా ఎక్కువ. తమకో లోపం ఉందని తెలియకుండానే చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ అయిపోతాయి. ముప్పైల్లోనో నలభైల్లోనో ఒక జ్వరం, ఒక దెబ్బ, వరసగా నిద్ర లేని రోజులు వస్తే ఆ శక్తి తగ్గి, అప్పుడు రెండుగా కనిపించడం మొదలవుతుంది. నిందేమో ఆ చిన్న దెబ్బ మీద పడుతుంది.

అందుకే ఈ ఆదివారం ఒక పని చేయండి. బీరువాలోంచి పెళ్లి ఆల్బమ్, పదో తరగతి గ్రూప్ ఫొటో, డీఎడ్ హాల్ టికెట్, చిన్నప్పటి ఫొటోలు ఉంటే అవీ తీసి వరసగా పరవండి. ఒక్క ఫొటోలో తల వంగితే లెక్కలోకి రాదు, ఫొటోగ్రాఫర్ వంచమని ఉండొచ్చు. అన్నింటిలోనూ, అన్ని వయసుల్లోనూ ఎడమకే వంగి ఉంటే అది సాక్ష్యం. ముఖం ఒక వైపు కొంచెం చిన్నదిగా ఉందేమో కూడా చూడండి, ఏళ్ల తరబడి తల వంచిన వాళ్లలో అలా అవుతుంది. మెల్లకన్ను డాక్టర్లం ఎంఆర్ఐ కన్నా ముందు పాత ఫొటోలు అడగడం మామూలే. వచ్చేసారి వాటిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

దీని మీదే మీ రెండో ప్రశ్నకు జవాబు ఆధారపడి ఉంది.

ఫొటోల్లో తల తిన్నగా ఉందనుకోండి. అప్పుడిది కొత్త దెబ్బ. ఒరుసుకున్న నరం చాలామందిలో నెమ్మదిగా కోలుకుంటుంది. కొందరికి పూర్తిగా, కొందరికి కొంత. ఆరు నెలలు ఆగుదామని వరంగల్ డాక్టరు గారు అన్నది అందుకే. అది మిమ్మల్ని పట్టించుకోకపోవడం కాదు, ఐదు నిమిషాల్లో వివరించలేకపోవడం. ఈలోగా ఆపరేషన్ చేసి కన్నును సరిచేశారనుకోండి, తర్వాత నరం దానంతటది తేరుకుంటే కన్ను అవతలి వైపుకు తప్పుతుంది. అప్పుడు ఇంకో ఆపరేషన్. మీ అన్నయ్య ప్రేమను కాదనడం లేదు, ఆయనకు ఈ ఒక్క మాట చెప్పండి. మీరు చేయాల్సింది నెలకో నెలన్నరకో ఒకసారి వెళ్లి వంకర ఎంత ఉందో కొలిపించుకోవడం. కొలత తగ్గుతూ ఉంటే ఆగడం లాభం. రెండు మూడు సార్లు కదలకుండా అదే అంకె వస్తుంటే, దెబ్బ తగిలి ఆరు నెలలు దాటాక ఆపరేషన్ మాట ఎత్తొచ్చు. తలకు దెబ్బ తగిలిన వాళ్లలో ఒక్కోసారి రెండు వైపులా నరాలూ దెబ్బతింటాయి, ఎందుకంటే వెనక వైపు బయటికొచ్చే చోట రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒక వైపు ఎక్కువ ఉంటే రెండోది దాని వెనక దాక్కుంటుంది. 'ఎడమది కూడా చూశారా డాక్టర్' అని మీరే అడగండి. రెండూ అయితే కోలుకోవడం కష్టం, ఆపరేషన్ పద్ధతి కూడా మారుతుంది.

ఫొటోల్లో చిన్నప్పటి నుంచీ వంపు ఉందనుకోండి. అప్పుడు కోలుకోవడానికి అక్కడ కొత్తగా దెబ్బతిన్న నరమే లేకపోవచ్చు. ఆగినందువల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. ఆ మాట వినడానికి బాధగా ఉన్నా, దాంట్లో ఊరట కూడా ఉంది. ట్యూమర్ భయం దాదాపు తీరిపోతుంది, బొమ్మను జరిపి కలిపే ప్రిజమ్ అద్దాలో ఆపరేషనో త్వరగా తేల్చుకోవచ్చు.

ఈలోగా రోజు గడవాలి కదా. అందుకు మూడు దారులు ఉన్నాయి.

అన్నింటికన్నా తేలికైనది ఒక కన్ను కప్పడం. పెద్దవాళ్లలో కన్ను కప్పినందువల్ల చూపు పాడవదు, ఆ భయం వద్దు. పూర్తిగా కప్పితే పిల్లల ముందు ఇబ్బందిగా ఉంటుందని మీరు అనుకోవచ్చు. మీకు ఇబ్బంది ఎక్కువగా కింది చూపులోనే కాబట్టి, పవర్ లేని సాదా అద్దాలు తీసుకుని కుడి అద్దం కింది సగానికి లోపలి వైపు మసక టేపు అతికించండి. దూరంగా కూర్చున్న వాళ్లకు కనిపించను కూడా కనిపించదు. తల ఎత్తి ఎదురుగా చూస్తే రెండు కళ్లూ పని చేస్తాయి, కిందికి చూస్తే ఒకటే. నష్టం ఏమిటంటే, ఒంటి కన్నుతో లోతు తెలియదు. మెట్టు ఎంత కింద ఉందో, టీ గ్లాసు ఎంత దూరంలో ఉందో మొదటి వారం రోజులు పొరపడతారు.

రెండోది ప్రిజమ్. పల్చటి ప్లాస్టిక్ పొర, మీద సన్నటి గీతలుంటాయి, కత్తెరతో కత్తిరించి అద్దానికి అతికిస్తారు. అది కిందికి పడే బొమ్మను పైకి జరిపి రెండింటినీ కలుపుతుంది. కొలత మారితే తీసేసి ఇంకోటి వేసుకోవచ్చు, అందుకే ఆగే నెలల్లో ఇదే మంచిది. కొంచెం మసక ఉంటుంది. బొమ్మను జరపగలదు గానీ దాని ఏటవాలును సరిచేయలేదు. మీ ట్యూబ్ లైట్ బొమ్మలో ఏటవాలు బాగానే కనిపిస్తోంది. కాబట్టి ప్రిజమ్ మీకు సగం పనే చేయొచ్చు. ముందు డాక్టరు దగ్గర అరగంట పెట్టుకుని, మెట్లు దిగి చూసి, ఆ తర్వాతే చేయించుకోండి.

మూడోది ఆపరేషన్. 'బ్రెయిన్ ఆపరేషనా' అని మీరు రాసిన మాట కింద రెండు గీతలు గీశారు. కాదమ్మా. మెదడును, నరాన్ని ఎవరూ ముట్టుకోరు. కనుగుడ్డు బయట ఉన్న కండరాల మీద చేసేది. ఎదురు లాగే కండరాన్ని వదులు చేయడం, లేదంటే గిలక కండరం సాగిపోయి ఉంటే దాన్ని కొంచెం బిగించడం. ఏది చేయాలన్నది కొలతలను బట్టి. ఎదురు చూపులోనూ, కింది చూపులోనూ ఒకటిగా కనిపించేలా చేయడం గురి. అన్ని వైపులా పూర్తిగా మామూలు అవుతుందని ఎవరైనా మాట ఇస్తే కొంచెం ఆలోచించండి. కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది. గిలక కండరాన్ని బిగించినప్పుడు కన్ను ముక్కు వైపు తిరిగి పైకి లేవడం కష్టమయ్యే అవకాశం ఉంది. అయినా సరైన సమయంలో, సరైన కొలతలతో చేస్తే తల తిన్నగా పెట్టుకుని మెట్లు దిగిన వాళ్లు చాలామందే ఉన్నారు. చేయించుకోవాలనుకుంటే మామూలు కళ్ల ఆసుపత్రి కాకుండా మెల్లకన్ను విభాగం ఉన్న చోటికి వెళ్లండి. హైదరాబాద్‌లో మెహిదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. హెల్త్ కార్డు ఎక్కడ, దేనికి వర్తిస్తుందో ముందే అడిగి పెట్టుకోండి.

బలం మాత్రలు రాసి ఉంటే వేసుకోండి, నష్టం లేదు. అవి నరాన్ని అతికిస్తాయని మాత్రం ఎదురు చూడకండి. పెన్ను ముక్కు దగ్గరికి తెచ్చి చూసే కంటి వ్యాయామాలు ఈ జబ్బుకు కావు.

పసరు గురించి మాత్రం నేను మెత్తగా చెప్పలేను. పోయించుకోవద్దు. ఆకు రసంతో పాటు మట్టి, సూక్ష్మజీవులు కంట్లోకి వెళ్లి నల్లగుడ్డు మీద పుండు పడి, చూపు పోయిన వాళ్లను నా చేతులతో చూశాను. మీకిప్పుడు ఉన్న రెండు మంచి కళ్లలో ఒకటి పోగొట్టుకునే పని అది. అత్తగారితో తగవు పెట్టుకోకండి. "కంటి లోపల ఏమీ లేదంట అత్తమ్మా, నరానికంట, పసరు అక్కడిదాకా పోదంట" అని చెప్పండి. అది నిజం కూడా. ఆమె ఉప్పు తిప్పి దిష్టి తీస్తానంటే తీయించుకోండి. ఆమె మనసు కుదుటపడుతుంది, మీ కంటికేమీ కాదు.

స్కూటీ ఇప్పుడు వద్దు. రోజుకు 14 కిలోమీటర్లు అని రాశారు. రెండు రోడ్లు కనిపిస్తున్నప్పుడు గుంత ఏ రోడ్డు మీద ఉందో తెలియదు. ఒక కన్ను కప్పుకుని నడుపుతానంటారేమో, ఆ కంటి వైపు నుంచి వచ్చే బండి ఆలస్యంగా కనిపిస్తుంది, ముందున్న బండి దూరం అందదు. బొమ్మ ఒకటిగా నిలిచేదాకా, డాక్టరు సరే అనేదాకా ఆటోనో, తోటి టీచరు బండి వెనక సీటో. ఖర్చు, మొహమాటం రెండూ ఉంటాయి. తెలుసు. ఇంకోసారి పడటం కన్నా తక్కువే.

స్కూల్లో హెడ్ మాస్టరు గారితో మాట్లాడి మీ క్లాసును కింది గదికి మార్పించుకోండి. డాక్టరు చీటీ చూపిస్తే కాదనరు. అది కుదిరేదాకా మెట్ల అంచులకు పసుపు రంగు టేపు వేయించండి, రెయిలింగ్ వదలకండి. పేపర్లు టేబుల్ మీద పడేసి దిద్దకండి. నిలువుగా ఆనించే స్టాండు పెట్టి, పేపరు కళ్ల ఎదురుగా ఉండేలా చూసుకోండి. మీ కళ్లకు కష్టమంతా కిందికి చూడటంలోనే ఉంది. పేపరును పైకి తెస్తే సగం కష్టం అక్కడే తగ్గుతుంది. ఫోన్ కూడా అంతే. మీ తల వంపును అనుకరించారని మీరు రాసిన ఆ ఆరో తరగతి పిల్లలకు, మీకు వీలైతే, గిలక కథ ఒకసారి చెప్పండి.

మీ వారి సంగతి చివరికి అట్టే పెట్టాను. ఆయన చెడ్డవారని నాకు అనిపించలేదు. స్కూటీ పడిన రాత్రి ఆసుపత్రి బయట ఆయన ఎలా కూర్చున్నారో మీరే రాశారు. కళ్లు చూస్తే బాగున్నాయి, స్కాన్ బాగుంది, ఆయనకు పట్టుకోవడానికి ఏదీ దొరకడం లేదు. అందుకని ఇది చేయించండి. టీవీ ముందు కూర్చోబెట్టి, రెండు కళ్లూ తెరిచే ఉంచి, కుడి కంటి కింది రెప్ప మీద వేలితో మెల్లగా, చాలా మెల్లగా నొక్కమనండి. టీవీ రెండవుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి. అలా నొక్కి పట్టుకునే పేపరు చదవమనండి. ఒక నిమిషం. ఆ తర్వాత ఆయన వేలు తీసేయొచ్చు. మీ కంటి మీది వేలు మాత్రం నాలుగు నెలలుగా ఎవరూ తీయడం లేదని చెప్పండి.

కాలర్ విషయం, ఎడమ నరం విషయం, పాత ఫొటోల విషయం ఒక కాగితం మీద రాసుకుని వచ్చేవారం డాక్టరు దగ్గరికి ఆయననే వెంట తీసుకెళ్లండి. ట్యూబ్ లైట్ బొమ్మ కూడా తీసుకెళ్లండి. మీరు నాకు గీసి పంపింది తిప్పి పంపుతున్నాను, తేదీ వేసి పెట్టుకోండి. నెలకోసారి అదే గోడ ముందు, అంతే దూరంలో నిలబడి, తల నిటారుగా పెట్టి మళ్లీ గీయండి. రెండు గీతల మధ్య ఎడం తగ్గుతోందో లేదో మీకే తెలుస్తుంది.